చార్టులో చివరి లైను చదివాను, పుస్తకంలో పేజీ చదవలేకపోయాను

కింద పడిన పెన్ను తీసుకుని పైకి లేస్తుంటే, తెరిచి ఉన్న కిటికీ రెక్క అంచు తలకు గట్టిగా కొట్టుకుంది. నడినెత్తికి కాస్త వెనక. కళ్లు బైర్లు కమ్మి, రెండు చేతులతో తల పట్టుకుని నేల మీదే కూర్చుండిపోయాను. స్పృహ తప్పలేదు, రక్తం రాలేదు, బొప్పి కూడా పెద్దదేమీ కట్టలేదు. ఐదు నిమిషాలాగి, మంచినీళ్లు తాగి మళ్లీ పనిలో కూర్చున్నాను. తల దెబ్బకు మెదడు కుదుపుకు లోనై, దాని పనితీరు కొన్నాళ్లు దెబ్బతినడాన్ని కంకషన్ అంటారు. అప్పట్లో నాకు స్పృహ తప్పితేనే కంకషన్ అన్న అభిప్రాయం ఉండేది. అది పొరపాటు. కంకషన్ అయినవాళ్లలో ఎక్కువమందికి అసలు స్పృహ తప్పదు.

నేను ప్రూఫ్ రీడర్‌ని. రోజుకు ఆరేడు గంటలు అక్షరాల మీదే కళ్లు పెట్టుకుని బతికేదాన్ని. ఆ రోజు అరగంట గడిచేసరికి పేజీలో ఏదో తేడాగా అనిపించింది. ఒత్తులు తమ అక్షరం కింద నుంచి పక్క అక్షరం కిందికి జరిగినట్టున్నాయి. గుడి ఏదో, గుడిదీర్ఘం ఏదో తేలడం లేదు. చదివిన లైనే మళ్లీ చదువుతున్నాను, లేదా ఒక లైను దాటేసి కింది లైనులోకి పోతున్నాను. అచ్చు సరిగా పడలేదనుకుని ఇంకో ప్రతి తీసి చూశాను. అందులోనూ అంతే.

రాత్రి ఒకసారి వాంతి అయ్యింది. మా ఆయన ఇక ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లారు. సీటీ స్కాన్ తీశారు, నార్మల్ అన్నారు. డ్యూటీ డాక్టర్ గారు ఓపిగ్గా చెప్పారు: సీటీలో కనిపించేది రక్తస్రావం, ఎముక విరగడం లాంటివి. కంకషన్‌లో మెదడు ఒక్కసారిగా కుదుపుకు లోనై దాని పనితీరు తాత్కాలికంగా దెబ్బతింటుంది, అది స్కాన్‌లో పడదు. తలనొప్పి అంతకంతకూ పెరిగినా, పదేపదే వాంతులైనా, లేపినా లేవనంత మత్తుగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, చేయో కాలో పట్టు తప్పినా, మాట తడబడినా, ఒక కంటి పాప పెద్దగా, ఇంకో కంటి పాప చిన్నగా కనిపించినా, వస్తువులు రెండుగా కనిపించినా వెంటనే రమ్మన్నారు. మా ఆయన అదంతా ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించారు.

ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకుని, ఆ తర్వాత మెల్లమెల్లగా మామూలు పనుల్లో పడమని కూడా చెప్పారు. ఆ రెండో మాట నేను సరిగా చెవిన పెట్టలేదు. కర్టెన్లు మూసేసి, నల్లకళ్లద్దాలు పెట్టుకుని తొమ్మిది రోజులు చీకటి గదిలో పడుకున్నాను. వెనకటి రోజుల్లో కంకషన్‌కి అలాగే చెప్పేవారు. ఇప్పుడు 24 నుంచి 48 గంటల విశ్రాంతి, ఆ రెండు రోజులూ స్క్రీన్ తగ్గించడం, తర్వాత తేలికపాటి నడకతో మొదలుపెట్టడం అన్నదే పద్ధతి. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం సిఫారసు కూడా ఇదే. నేను మాత్రం ఎంత ఎక్కువసేపు పడుకుంటే అంత త్వరగా తగ్గుతుందని నమ్మాను.

మూడు వారాలకు తలనొప్పి చాలావరకు తగ్గింది. నిద్ర కుదుటపడింది. కళ్లు మాత్రం నా మాట వినలేదు.

ఆ రోజుల్లో జరిగిన ఒక విషయం మాత్రం ఎన్నాళ్లయినా మరచిపోలేను. జగ్గులోంచి గ్లాసులోకి నీళ్లు పోస్తున్నాను. గ్లాసు చేతిలోనే ఉంది, చూస్తూనే పోస్తున్నాను. నీళ్లు గ్లాసు అంచుకి అవతల, సరిగ్గా రెండు వేళ్ల దూరంలో, నేల మీద పడుతున్నాయి. కాళ్లు తడిసేదాకా నాకు తెలియలేదు. అక్కడ గ్లాసు ఉందని నా కళ్లు చెప్పిన చోట గ్లాసు లేదు. ఆ నిమిషంలో కలిగిన భయం దెబ్బ తగిలినప్పుడు కూడా కలగలేదు.

చదువు సంగతి చెప్పనక్కర్లేదు. నాలుగైదు నిమిషాలు చదివితే కనుగుడ్ల వెనక ఎవరో బొటనవేళ్లతో నొక్కుతున్నట్టు ఉండేది, తర్వాత వికారం. ఫోన్‌లో తెర పైకి జరుపుతుంటే కడుపులో తిప్పేది. పెద్ద దుకాణంలో రెండు వైపులా నిలువెత్తు అరలు, వాటి నిండా రంగురంగుల డబ్బాలు, ఎదురుగా వచ్చేపోయే జనం. ఆ మధ్యలో నడిస్తే నేల ఒరిగిపోతున్నట్టుండేది, పక్కనున్న బండి పట్టుకుని నిలబడిపోయేదాన్ని. మెట్లు దిగుతుంటే చివరి మెట్టు అయిపోయిందనుకుని అడుగు వేస్తే ఇంకోటి ఉండేది.

కళ్ల పరీక్షకి వెళ్లాం. ఒక కన్ను మూసి చదివించారు, తర్వాత రెండో కన్ను. ఇటు 6/6, అటు 6/6, అంటే రెండు కళ్లకూ మామూలు చూపే. కంటి వెనక పొర, నరం చూశారు, అన్నీ బాగున్నాయి. "కళ్లు చక్కగా ఉన్నాయమ్మా, టెన్షన్ తగ్గించుకోండి, అదే సర్దుకుంటుంది" అన్నారు. మా ఆయన ముఖం వెలిగింది. నాకు గుండె జారిపోయింది. కళ్లు బాగుంటే ఈ బాధ ఎక్కడిది? నేనే ఊహించుకుంటున్నానా? పని తప్పించుకోవడానికి నా మనసే ఈ నాటకం ఆడుతోందా? దాదాపు నెల రోజులు ఆ ఆలోచనతోనే గడిపాను. శరీరం పెట్టిన బాధకన్నా ఆ అనుమానం పెట్టిన బాధ పెద్దది. నాలాగే అదే మాట విని ఇంటికొచ్చి కూర్చున్నవాళ్లు ఇంకా ఉంటారని తెలుసు కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

ఆ పరీక్ష తప్పు కాదు. అందులో నా కళ్లు నిజంగానే బాగున్నాయి. కానీ ఆ చార్టు అడిగే ప్రశ్న వేరు. స్నెల్లెన్ 1862లో తయారుచేసిన ఆ చార్టు ఒక్కో కన్నుకి విడివిడిగా, ఆరు మీటర్ల దూరంలో, కదలని అక్షరం ఎంత చిన్నది కనిపిస్తుందో చెబుతుంది. పుస్తకం చదవడానికి కావాల్సింది అది ఒక్కటే కాదు. రెండు కళ్లూ కలిసి లోపలికి తిరగాలి, ఒకే బిందువు మీద నిలవాలి, లోపలి కటకం మందం మారి దగ్గరి ఫోకస్ పట్టాలి. ఆపైన పదం నుంచి పదానికి చిన్న చిన్న గెంతులు గెంతాలి, లైను చివరి నుంచి కింది లైను మొదటికి ఒక పెద్ద గెంతు గెంతాలి. ఆ గెంతు గురి తప్పితే లైను తప్పుతుంది. నేను దూరంగా ఉన్న చివరి లైను గడగడా చదివి, చేతిలోని పేజీ చదవలేకపోవడానికి కారణం ఇదే.

దారి చూపింది మా పాప. దానికి పదేళ్లు. ఒకరోజు నేను దాని స్కూలు డైరీ చదువుతుంటే, "అమ్మా, చదివేటప్పుడు ఒక కన్ను ఎందుకు మూస్తున్నావు?" అంది. నేను మూస్తున్నట్టు నాకే తెలియదు. కావాలని రెండు కళ్లూ తెరిచి చదివాను, ఒత్తులు జరిగాయి. కుడి కన్ను అరచేత్తో మూశాను, అక్షరాలు కదలకుండా నిలబడ్డాయి. ఎడమది మూసి చూశాను, అప్పుడూ నిలబడ్డాయి. ఏ కంటికి ఆ కన్ను బాగానే ఉంది. రెండూ కలిస్తేనే గొడవ. ఏడుపొచ్చింది నాకు. ఊహించుకోవడం లేదని మొదటిసారి చేతికి దొరికిన సాక్ష్యం అది.

ఈసారి రెండు కళ్ల సమన్వయం చూసే ఆప్టోమెట్రిస్ట్ (చూపు పరీక్షించే నిపుణురాలు) దగ్గరికి వెళ్లాం. పరీక్ష గంటకు పైగా పట్టింది. ఒక పొడవాటి స్కేలు చివరను నా బుగ్గల మీద, కళ్ల కింద ఆనించారు. దాని మీద జరిగే చిన్న పలక, పలక మీద ఒక నిలువు గీత, గీత మధ్యలో చుక్క. "గీతనే చూస్తూ ఉండండి, ఒకటి రెండైనప్పుడు చెప్పండి" అంటూ పలకను మెల్లగా ముక్కు వైపు జరిపారు. మామూలుగా అది ముక్కుకి ఆరు సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేదాకా ఒకటిగానే కనిపించాలట. నాకు 24 దగ్గరే రెండైపోయింది. మళ్లీ చేశారు, 27. మూడోసారి 31. చేసిన కొద్దీ దిగజారుతోంది. నేను పుస్తకం పట్టుకునే దూరానికి అది ఎంత దగ్గరో ఆలోచించండి. చదువుతున్నంతసేపూ నా కళ్లు తెగిపోయే తాడు మీద నడుస్తున్నట్టే.

దగ్గరి వస్తువు మీదికి రెండు కళ్లూ కలిసి తగినంత లోపలికి తిరగలేకపోవడం ఇది, దీన్ని కన్వర్జెన్స్ ఇన్‌సఫిషియెన్సీ అంటారని చెప్పారు. దాంతోపాటు దగ్గరి నుంచి దూరానికి, దూరం నుంచి దగ్గరికి ఫోకస్ మారడంలో ఆలస్యం ఉంది. తల అటూ ఇటూ ఆడిస్తూ చార్టు చదవమంటే, తల కదపకుండా చదివిన లైను కన్నా నాలుగు లైన్లు పైనే ఆగిపోయాను. తల కదిలినప్పుడు లోపలి చెవి కళ్లకు కబురు పంపుతుంది, కళ్లు ఆ కదలికకు సరిగ్గా ఎదురు తిరిగి చూపును నిలబెడతాయి. నాలో ఆ ఏర్పాటు మందగించింది. దుకాణంలో నేల ఒరిగినట్టు అనిపించడంలో దాని వాటా ఉందట. కంటికి ఆరు చొప్పున పన్నెండు కండరాలు, వాటిని నడిపించడానికి మూడు జతల నరాలు. ఏ నరమైనా పూర్తిగా దెబ్బతిన్నదేమోనని ఒక్కో దిక్కుకీ చూపు తిప్పించి, ఒక్కో కన్నూ మూసి తెరిచి చూశారు. అదేమీ లేదని తేలాకే మిగతా మాట మాట్లాడారు. ఒకే వస్తువు ఒకటి పైనా ఒకటి కిందా రెండుగా కనిపించేవాళ్లు ఈ పరీక్ష అసలు వదలకూడదు. తల దెబ్బల్లో నాలుగో కపాల నరం (కంటిని కదిలించే ఆ మూడు జతల్లో ఒకటి) దెబ్బతినడం అరుదేమీ కాదు, దానికి చూసే తీరు వేరు.

"కండరాల్లో బలం తగ్గలేదమ్మా, వాటికి ఆజ్ఞలిచ్చే చోట తడబాటు" అన్నారు ఆవిడ. కంకషన్ తర్వాత ఇది సాధారణమని కూడా చెప్పారు. 2016లో అచ్చయిన ఒక పరిశోధనలో కంకషన్ అయిన 11 నుంచి 17 ఏళ్ల వయసు పిల్లలు 100 మందిని పరీక్షిస్తే 69 మందిలో ఇలాంటి చూపు సమస్య ఏదో ఒకటి బయటపడింది. ఇంత సాధారణమైన దాని గురించి నన్ను ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఎవరూ ఒక్క మాట అనకపోవడం నాకు ఇప్పటికీ బాధే. ఒక పెన్ను, ఒక స్కేలు, రెండు నిమిషాల సమయం ఉంటే తేలే విషయం.

దగ్గరి పనికి మాత్రమే వేరే కళ్లద్దాలు ఇచ్చారు. కొద్దిగా పవర్, కొద్దిగా ప్రిజమ్ (కళ్లు లోపలికి తిరిగే శ్రమ తగ్గేలా వెలుతురును వంచే అద్దం). అవి కట్టు లాంటివి, నయం చేసేది వ్యాయామమే అన్నారు. అంతకుముందు నేను వీడియో చూసి వారం పాటు పెన్సిల్‌ని ముక్కు దగ్గరికి తెచ్చే వ్యాయామం చేసి తలనొప్పి తెచ్చుకున్నాను. అదొక్కటే చాలదని ఈ సమస్య ఉన్న పిల్లల మీద చేసి 2008లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో తేలింది. నిపుణుల దగ్గర 12 వారాలు పద్ధతిగా చేయించినవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. వాళ్లది కంకషన్ కాదు, నాది కంకషన్. అయినా ఎవరైనా పక్కనుండి చూస్తూ చేయించడంలోని తేడా నేను స్వయంగా చూశాను.

ఇప్పుడు దారం గురించి చెప్పాలి. బ్రాక్ స్ట్రింగ్ అంటారు. ఒక తెల్లటి దారం, దానికి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పూసలు మూడు. ఒక కొస కిటికీ ఊచకి కట్టి, రెండో కొస ముక్కు కొనకు ఆనించి పట్టుకోవాలి. ఒక పూసను చూస్తే ఆ పూస ఒకటిగా కనిపించాలి, దారం మాత్రం రెండుగా మారి సరిగ్గా ఆ పూస దగ్గర ఒకదాన్నొకటి కోసుకున్నట్టు కనిపించాలి. మిగతా రెండు పూసలూ రెండేసి కనిపించాలి. మామూలు చూపున్నవాళ్లకు కనిపించేది అదే. మనం చూడని దూరాల్లో ఉన్నదంతా నిజానికి రెండుగానే ఉంటుంది, మెదడు దాన్ని పట్టించుకోదంతే.

నాకు మొదటి రోజు దగ్గరి పూస రెండు పూసలు. దారాలు కలుసుకునే చోటు పూసకి జానెడు అవతల. అంటే నేను పూసనే చూస్తున్నాననుకుంటుంటే నా కళ్లు అంత దూరంలో ఉన్న శూన్యాన్ని చూస్తున్నాయి. గ్లాసు అవతల పడిన నీళ్లు వెంటనే గుర్తొచ్చాయి. ఇంకాసేపటికి కుడివైపు దారం మసకబారి మాయమైంది. రెండు బొమ్మలతో విసిగి మెదడు ఒక కంటి బొమ్మను కొట్టిపారేస్తోందని ఆప్టోమెట్రిస్ట్ చెప్పారు. రెప్పలు నాలుగుసార్లు కొట్టి మళ్లీ చూడమన్నారు. దారం తిరిగి వచ్చింది, మూడు సెకన్లుండి పోయింది. మొదటి వారం రెండు నిమిషాలకే వికారం, చెమటలు. బాధకి సున్నా నుంచి పది దాకా అంకె వేసుకోమన్నారు. మొదలుపెట్టినప్పటి కన్నా రెండంకెలు దాటి పెరిగితే ఆపేయాలి, గంటలోపు తగ్గిపోయే ఇబ్బంది అయితే పర్వాలేదు. ఈ లెక్క నాకు చాలా ధైర్యాన్నిచ్చింది. అంతవరకు ఏ కాస్త నొప్పి వచ్చినా మెదడుకి ఏదో అయిపోతోందని వణికేదాన్ని.

దీనికి తోడు గోడ మీద 'అ' అక్షరం అంటించి, దాన్నే చూస్తూ తలను అటూ ఇటూ తిప్పే వ్యాయామం ఫిజియోథెరపిస్ట్ నేర్పారు. ముప్పై సెకన్లు. చెప్పుకోవడానికి ఏమీ లేదు, విసుగుపుట్టించే పని, రోజూ చేయాలి.

వెలుతురు విషయంలో నేను చేసిన పొరపాటు వేరొకరు చేయకూడదు. ఇంట్లో కూడా నల్లకళ్లద్దాలు పెట్టుకోవడం వల్ల కళ్లు చీకటికి అలవాటు పడి, మామూలు వెలుతురు కూడా ఇంకా గుచ్చుకోవడం మొదలైంది. రోజుకు కొంతసేపు చొప్పున తీసేస్తూ వచ్చాను. వాటి బదులు లేత గులాబీ ఛాయ ఉన్న అద్దాలు ఇచ్చారు, వాటితో నెట్టుకొచ్చాను. పాత చోక్ ఉన్న ట్యూబులైటు మాత్రం మార్పించాల్సి వచ్చింది. ఎడతెగకుండా వెలుగుతున్నట్టే ఉంటుంది గానీ, 50 హెర్ట్‌జ్ కరెంటు మీద అది సెకనుకు వందసార్లు మిణుకుతుంది.

వ్యాయామాలు మొదలుపెట్టిన ఐదో వారంలో ఎదురుదెబ్బ తగిలింది. కొంచెం బాగుందనిపించి, ఒక అత్యవసరమైన ఫారం (అచ్చుకు వెళ్లే పేజీల కట్ట) ఒప్పుకుని మూడు గంటలు ఏకబిగిన దిద్దాను. ఆ రాత్రి నుంచి నాలుగు రోజులు మంచం దిగలేదు. స్కేలు మీద 14కి వచ్చినది మళ్లీ 20కి పోయింది. అంతా మొదటికొచ్చిందని ఏడిస్తే, "మొదటికి రాలేదమ్మా, అలసిపోయింది, చూస్తూ ఉండండి" అన్నారు ఆవిడ. పది రోజులకు మళ్లీ 14. అప్పటినుంచి టైమరు పెట్టుకున్నాను. పది నిమిషాలు పని, ఐదు నిమిషాలు కిటికీలోంచి దూరంగా చూడటం. ఆ ఐదు నిమిషాల్లో ఫోన్ చూస్తే అది విశ్రాంతి కాదు, కళ్లకు మళ్లీ అదే దగ్గరి పని.

నా పని మాటకొస్తే, అట్టముక్కలో ఒక లైను పట్టేంత సందు కోసి పేజీ మీద పెట్టి చదివాను. మిగతా లైన్లు కనపడకపోతే గెంతులకు గురి దొరుకుతుంది. అక్షరాలు 16 పాయింట్‌కి పెంచి, లైన్ల మధ్య దూరం పెంచి కాగితం మీద ప్రింటు తీయించాను. మొదటి రెండు నెలలు మాత్రం సాయంత్రాలు మా పాప ఫారాలు పైకి చదివేది, నేను కళ్లు మూసుకుని వినేదాన్ని. అది తప్పు చదివిందా, అక్కడ అచ్చుతప్పే ఉందా అని ఆపి అడిగేదాన్ని. "ఇక్కడ ఒత్తు లేదమ్మా, నిజంగానే లేదు" అని వేలు పెట్టి చూపించేది, నేను చూడలేనని తెలిసీ.

ఇప్పటికి తొమ్మిది నెలలు. పోయిన నెల స్కేలు మీద 7 వచ్చింది. నలభై నిమిషాలు ఏకధాటిగా చదువుతున్నాను. ఫోన్‌లో వేగంగా జరిపే తెర ఇంకా పడదు. జనం ఎక్కువగా ఉన్న చోట పక్కన ఎవరిదైనా చేయి పట్టుకోవాలనిపిస్తుంది, పట్టుకుంటాను కూడా. ప్రిజమ్ ఉన్న కళ్లద్దాలు సొరుగులోకి వెళ్లాయి. దారం మాత్రం కిటికీ ఊచకే ఉంది. పని ఎక్కువైన రోజు సాయంత్రం కొస పట్టుకుని కూర్చుంటాను. దగ్గరి పూస ఎరుపుది. మొదట కాస్త ఊగుతుంది, రెప్ప కొడితే రెండు దారాలూ మెల్లగా వచ్చి దాని దగ్గర కలుసుకుంటాయి.